కాజాలో పడని గుండీ

“అమ్మాయ్, ఈ గుండీ ఆగదేంటి? కాజా మీదుగానే జారిపోయింది!”

“గోడ తగిలేదాకా ఆగదు మావయ్యా. ఫోన్ ఎటు వంచితే అటే జారిపోతుంది. కాజా పక్కన అడ్డుంటేనే అందులో పడుతుంది. మీరు మణికట్టు ఇంకొంచెం తిప్పాలి.”

“తిప్పుతూనే ఉన్నాగా! కుడివైపు తిరగనంటోంది, మొండిది.” మావయ్య ఫోన్ కోడలి చేతిలో పెట్టేసి ముఖం అటు తిప్పుకున్నారు.

ఆయన దర్జీ. మెట్లమీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. కట్టు విప్పాక వ్యాయామం చేయకపోతే చెయ్యి బిగుసుకుపోతుందనీ, ఇక కత్తెర పట్టడం కష్టమనీ డాక్టరు గట్టిగానే చెప్పింది. పిసకమని ఒక రబ్బరు బంతి కూడా ఇచ్చింది. “బంతులు పిసుకుతూ కూర్చోడానికి నేనేమైనా పసిపిల్లాణ్ణా?” అని ఆయన దాన్ని మంచం కిందికి విసిరేశారు. దుకాణం మూతపడింది. ఇక ఈ మనిషి కుట్టుపనికి పనికిరాడేమోనని ఇంట్లో అందరికీ ఒకటే బెంగ.

అప్పటికే కోడలు దిగులుతో మంచం దిగడంలేదు. ఫోన్లలో ఆడుకునే ఆటలు తయారుచేసే కంపెనీ ఆమెను ఉద్యోగంలోంచి తీసేసింది. ఆ సాయంత్రం కంప్యూటర్ సంచిని మూలకి విసిరికొడితే పట్టీ కాస్తా తెగింది. ఇక జన్మలో ఆటలు చేయనంది. ఎవరు పలకరించినా ముక్తసరిగా ఒక్క మాట, అంతే. కొన్నాళ్ళకి చూస్తే సంచి గోడకి వేలాడుతోంది. తెగిన పట్టీ కుట్టేసి ఉంది.

“మీ అత్తయ్య కుట్టిందిలే,” అన్నారు మావయ్య. “నా చెయ్యే బాగుంటే ఆ కుట్లు ఇంకా చూడముచ్చటగా ఉండేవి. ఏం చేస్తాం, సూదే పట్టలేకపోతున్నానాయె.”

ఆ మాటకి కోడలి ప్రాణం ఉసూరుమంది. “మరి ఆ బంతి...”

“బంతి ఊసెత్తావంటే ఊరుకోను. నువ్వు ఆటలు చేసేదానివేగా? చెయ్యి తిప్పే ఆటొకటి చేసిపెట్టు, అప్పుడు తిప్పుతాను.”

అదీ సంగతి. దర్జీగారి కోసం కాబట్టి గుండీని జారించింది, కాజాలో పడేయమంది. మొదట్లో అన్నీ తేలిక లెవెళ్ళే. ఆయన ఊరుకుంటేనా! ఒకరోజు “ఇది మరీ చప్పగా ఉంది” అనేవారు. మర్నాడు “కుడి మలుపు దగ్గర నా వల్ల కాదు” అని చేతులెత్తేసేవారు. ఇక అయిపోయిందిలే అని ఆమె ఊపిరి పీల్చుకునేలోపు ఎక్కడో ఒకచోట ఇరుక్కుపోయేవారు. ఆమె నవ్వుతూ తిట్టుకుని, ఇంకో లెవెల్ గీసేది.

ఒకసారి ఆయన గుండుసూదుల డబ్బా చూసి కోడలు ఎగిరి గంతేసింది. “మావయ్యా, దొరికింది! గుండీ దారిలో మనమే ఒక గుండుసూది గుచ్చుదాం. అక్కడ ఆగి తీరాలి. కానీ ఒక్క సూదే ఇస్తాను, ఎక్కడ గుచ్చాలో మీరే ఆలోచించుకోండి.”

“అబ్బో! ఇప్పుడు మజాగా ఉంది,” అన్నారాయన ఫోన్ లాక్కుంటూ.

“మామాకోడళ్ళిద్దరికీ పిచ్చి ముదిరింది,” అని అత్తయ్య వంటింట్లోంచి కేకేసింది. “అన్నం చల్లారిపోతోంది. అక్కడ దుకాణం తాళం తుప్పుపడుతోంది. చిరిగిన దిండు గలీబుకి ఎన్నాళ్ళని పిన్నీసులు పెట్టను?”

“చెయ్యి రానీవే!” అన్నారు మావయ్య.

ఆట పూర్తయ్యింది. కోడలు దాన్ని ఒక చిన్న కంపెనీకి పంపితే, వాళ్ళు ఆడి చూసి ముచ్చటపడి, ఆటతోపాటు ఆమెనూ రమ్మన్నారు. ఆ మాట చెప్పిన పూటే మావయ్య ఆఖరి లెవెల్ గెలిచారు. గుండీ కాజాలో పడగానే కుడిచెయ్యి గిర్రున తిప్పి చూపించారు.

“చూశావా? నా చెయ్యి నిలబెట్టావు తల్లీ. నీ రుణం ఎలా తీర్చుకోను?”

“అంత మాటనకండి మావయ్యా.” ఆమెకి కళ్ళు చెమర్చాయి. తన పని ఒక మనిషికి చెయ్యి తెచ్చిపెట్టిందంటే అంతకన్నా ఏం కావాలి!

ఉద్యోగంలో చేరే రోజున మావయ్య తాళంచెవులు గలగలలాడించుకుంటూ ముందే దుకాణానికి వెళ్ళిపోయారు. కోడలు సంచి భుజాన వేసుకుని గుమ్మందాకా వెళ్ళి, వెనక్కి వచ్చి వంటింట్లో అత్తయ్యని గట్టిగా వాటేసుకుంది.

“అత్తయ్యా, ఇన్నాళ్ళూ మీకు చెప్పనేలేదు. ఈ ఆట ఊసు కూడా లేనప్పుడు, నేను అన్నీ వదిలేసి కూర్చున్నప్పుడు, మీరు ఈ పట్టీ కుట్టిపెట్టారు చూడండి... నా మీద ఇంకా ఒకరికి నమ్మకం ఉందనిపించింది. మీ మేలు మర్చిపోలేను.”

అత్తయ్య పట్టీని వెలుతురులోకి లాగి, కుట్లమీద వేలు పెట్టి చూసింది.

“నేనెక్కడ కుట్టానమ్మా, ఈ ఇంట్లో సూది పట్టేది మీ మావయ్య ఒక్కరే!”