సాగనంపే పూలు

"బుట్ట బోర్లించు, చూస్తాను," అంది బచులీ దేవి.

కుందన్ సింగ్ బోర్లించాడు. రెండు ఎండుటాకులు రాలాయి. బ్రహ్మకమలం కాదు గదా, దాని రేకైనా లేదు.

బచులీకి ఒళ్లు మండిపోయింది. రేపు పొద్దున్నే కూతురి ప్రయాణం. ఒడిలో బ్రహ్మకమలం పెట్టకుండా ఆడపిల్లను పుట్టింటి నుంచి కదిలించే ఆచారం ఈ లోయలో లేదు.

"చెప్పుల్లేకుండా ఎక్కాను పెద్దమ్మా! అరికాళ్లు చూడు, ఎలా చీలిపోయాయో. ఫొటోలకని వచ్చిన పట్నం జనం వాలు మొత్తం పీకి పారేశారు. నన్నేం చేయమంటావు?"

"కొండకి ఒకటే వాలుందా? బీడీ పీల్చడానికి ఊపిరుంటుంది గానీ ఎక్కడానికి ఉండదు నీకు!"

కుందన్ పళ్లు కొరుకుతూ మళ్లీ కొండెక్కాడు.

బచులీ కోపం అల్లుడి మీదికి మళ్లింది. అసలు ఆ సంబంధమే ఆమెకు గిట్టదు. చుట్టూ మంచు తప్ప పచ్చని ఆకు కనపడని చోట కాపురం. పనీపాటా లేని మనిషి, దమ్ము కొట్టడం ఒక్కటే తెలుసు. ఇన్నేళ్లలో అత్తారింటి గడప తొక్కిన పాపాన పోలేదు.

"అక్కడ ఏం తింటావే తల్లీ?" అంటూ కూతురి ముందు దోసకాయలు, మొక్కజొన్న పొత్తులు, అటుకుల మూట పెట్టింది. "ఉలకవు, పలకవు. వెళ్లనని ఒక్క మాట అనొచ్చు కదా!"

బచులీకి ఏడుపొచ్చింది.

తెల్లారింది. డోలు వాళ్లు వచ్చారు. పూలు లేవు, ప్రయాణం ఆగిపోయినట్టే అని అందరూ గొణుక్కుంటుండగా కుందన్ రొప్పుతూ వచ్చాడు. మోకాళ్లు కొట్టుకుపోయాయి. బుట్ట నిండా బ్రహ్మకమలాలు. ఆ ఘాటు వాసన వాకిలంతా కమ్మింది.

"చాలా పెద్దమ్మా, ఇంకా తేవాలా?"

"ఎవడు తెమ్మన్నాడురా నిన్ను?" బచులీ భోరుమంది. "పూలు దొరకలేదని ఇంకో నాలుగు రోజులు నా దగ్గరే ఉండేది కదరా!"

"నిన్న తిట్టి పంపింది నువ్వే కదే!" కుందన్ నెత్తి కొట్టుకున్నాడు.

నలుగురు పల్లకీ ఎత్తారు. బచులీ కొంగు నోట్లో కుక్కుకుని, దాని వెంట వాగు దాకా పరిగెత్తింది.

కడుపున ఒక్క కాయా కాయని బచులీకి, ఏటా పుట్టింటికని వచ్చి కైలాసంలోని మొగుడి దగ్గరికి వెళ్లిపోయే ఆ నందాదేవి వెండి విగ్రహం ఒక్కటే కూతురు.