సీసాలో ఎర్రమట్టి

జీపు దిగి కొండెక్కి వచ్చేసరికి గంగ కాళ్లు ఆమె మాట వినడం మానేశాయి.

ఇంటి అరుగు మీద కూతురు బేబి. పక్కన ఎవరో కొత్త మనిషి, యాభై ఏళ్లుంటాయి. ఇద్దరి మధ్యా గాజుగ్లాసు. గ్లాసు నీళ్ల అడుగున కోడిగుడ్డు.

"అమ్మా, గుడ్డు మునిగిపోనాది సూడు. ఇప్పుడు తేల్తాది," అంది బేబి.

ఆయన ఉప్పు వేసి మెల్లగా కలిపాడు. గుడ్డు కదిలింది, లేచింది, పైకొచ్చి ఆగింది.

బేబి చప్పట్లు కొట్టింది. గంగ మాత్రం గుడ్డును చూడలేదు, ఉప్పును చూసింది.

"ఉప్పు నేను తెచ్చుకున్నదేనమ్మా," అన్నాడాయన. "గుడ్డు మాత్రం మీ కోడిదే."

గంగకు నవ్వొచ్చింది గానీ, నవ్వే ఓపిక లేదు.

"ఎవులు బాబూ నువ్వు?"

"ఊరు చూద్దామని వచ్చాను. నాలుగు రోజులుంటాను. ఆ బడి వరండాలో పడుకుంటాను. మీరింత అంబలి పోస్తే చాలు."

"ఈ జీలుగుగొందిలో సూడ్డానికేటుంది? కోళ్లు, పందులు, తాళమేసిన బడి."

"తాళం ఎందుకేశారు?"

"పంతులుంటే కదా. ఒకాయన జొరమొచ్చిందని ఎల్లిపోనాడు. ఇంకొకాయన పెళ్లాం కొండెక్కదని ఎల్లిపోనాడు. ఎల్లినోలందరూ మల్లీ వత్తామనే సెప్పారు." గంగ గుమ్మానికి చేరగిలబడింది. "మండలం ఆపీసుకి తిరిగి తిరిగి చెప్పులరిగినాయి. ఈ బదిలీల్లో కూడా పంతులు రాకపోతే బడి ఎత్తేత్తారంట. బేబిలాంటి గుంటల్ని కింద హాస్టల్లో పడెయ్యాలంట."

మొగుడు పోయాక గంగకు మిగిలింది బేబి ఒక్కతే. తల్లి కొంగు పట్టుకుంటే గానీ నిద్రపోని పిల్ల.

ఆయన ఏదో అనబోయి, ఆగిపోయాడు.

మర్నాడు పొద్దుటికి అరుగు నిండా పిల్లలే.

పసుపు రాసిన కాగితం మీద సున్నం నీళ్లతో పువ్వులు వేశారు. ఎర్రగా పూశాయి. నిమ్మరసం చుక్క పడితే మళ్లీ పసుపైపోయాయి. గంగ ఓ మూల అడ్డాకుల విస్తర్లు కుట్టుకుంటూ, ఒక్కో కుట్టు మరిచిపోయి చూసింది.

ఆ రాత్రి బేబి కొంగు అడగలేదు. పువ్వు ఎందుకు ఎర్రబడిందో చెబుతూ చెబుతూ నిద్రపోయింది.

ఆ తర్వాతి రోజు మట్టి.

"పెరట్లో మట్టి ఒకరు, పోడు మట్టి ఒకరు, కొండమీద మట్టి ఒకరు తెండర్రా," అన్నాడాయన.

పిల్లలు పరుగెత్తారు. మట్టి సీసాల్లో పోసి, నీళ్లు నింపి, ఊపి, అరుగు మీద వరసగా పెట్టారు. అడుగున రాళ్లు, పైన ఇసుక, ఆ పైన బురద, అన్నిటికీ పైన ఆకుల నలుసులు.

మిగిలిన మట్టిలో ఆయన అయస్కాంతం దొర్లించాడు. దానికి నల్లటి రవ్వలు మీసాల్లా మొలిచాయి.

చుట్టకి నిప్పు కోసం వచ్చిన ఊరిపెద్ద సోంబరు అక్కడే నిలబడిపోయాడు. చుట్ట వెలిగించుకోకుండానే గంగను పెరట్లోకి పిలిచాడు.

"మర్సిపోనావేటి గంగా? ఆ ఏడు గని తవ్వుతామని వచ్చినోలూ సీసాల్లో మట్టే కదా అట్టుకెల్లారు. మర్సటేడు కొండ నిండా జెండాలు పాతేరు."

"ఈయన గుంటల్తో ఆడుకుంతన్నాడు మావా."

"ముందు గుంటల్నే మాలిమి సేసుకుంతారు. అప్పుడోలు బిస్కట్లెట్టేరు. ఈడు గుడ్లు తేలుత్తన్నాడు."

ఆ జెండాలు పీకడానికి వెళ్లినవాళ్లలో గంగ మొగుడూ ఉన్నాడు. ఆ తర్వాత కోర్టుల చుట్టూ తిరిగే మనిషి అయిపోయాడు.

"ఎవులు పంపారో అడుగుదుం," అంది గంగ.

"అడిగితే నిజం సెప్తాడేటి? నీ ఇంట్లో తింటన్నాడు. నువ్వే సెప్పి పంపెయ్. గొడవొద్దు."

తెల్లారి గంగ సీసాలన్నీ గట్టు మీద బోర్లించింది. ఎర్రనీళ్లు వాలులోకి జారిపోయాయి. ఆయన వచ్చి, ఖాళీ సీసాలు చూసి నిలబడ్డాడు.

"ఎల్లిపో బాబూ."

"పిల్లలకి నావల్ల ఏమైనా..."

"గుంటలకేటీ అవలేదు. ఊరికి నువ్వు వద్దు."

"ఎందుకో చెబుతారా?"

చెబితే ఆయన ఇంకోటి చెబుతాడు. దానికి తనింకోటి చెప్పాలి. గంగకు అంత ఓపిక లేదు.

"సంచీ ఇప్పి సూపించు."

ఆయన విప్పాడు. రెండు చొక్కాలు, కొవ్వొత్తులు, బూరలు, దారపుండ. మట్టి లేదు.

"ఊరివాళ్లకే ఇష్టం లేనప్పుడు నేనుండి ఏం లాభంలెండి," అని సంచీ భుజానికెత్తుకున్నాడు. బేబి ఇంకా నిద్ర లేవలేదు. గుమ్మం వైపు ఒకసారి చూసి, దిగిపోయాడు.

వానలు మొదలయ్యే ముందు గంగ మళ్లీ మండలం ఆఫీసుకి వెళ్లింది. గుమాస్తా ఆమెను చూడగానే కుర్చీ చూపించాడు. ఇన్నాళ్లలో ఎప్పుడూ కూర్చోమనలేదు.

"ఇంక తిరక్కమ్మా. బదిలీలైపోయాయి. మీ బడిని కింద ఊరి బడిలో కలిపేశారు. పిల్లను హాస్టల్లో చేర్చు, సీటుకి నేను మాట్లాడతాను."

గంగ కుర్చీ అంచున కూర్చుంది.

"మా ఊరు కావాలని ఒక్కలూ అడగలేదా బాబూ?"

"అడిగాడమ్మా ఒకే ఒక్కాయన, మోహన్‌కృష్ణ మాస్టారని. ‘వస్తామని చెప్పి రానివాళ్లతో ఆ ఊరివాళ్లు విసిగిపోయారు, నేను ఉండగలనని తేలేదాకా పంతుల్నని చెప్పను’ అని మీ కొండెక్కాడు. దిగొచ్చి, ‘పిల్లలకి నచ్చాను గానీ ఊరికి నచ్చలేదండీ’ అని వేరే ఊరు రాసిచ్చి పోయాడు."