ముప్పయ్యో ఫొటో

"తాతా, కాస్త తప్పుకోండి. ఫ్రేములోకి వస్తున్నారు."

పెద్దాయన నాలుగడుగులు పక్కకు జరిగాడు.

ఎప్పుడో మూతపడిన ఓడల మరమ్మతు యార్డు అది. తుప్పుపట్టిన క్రేన్లు, అద్దాలు పగిలిన గోదాములు, నీళ్లలోకి దిగే నాచుమెట్లు. ఒకప్పుడు అక్కడ క్రేను నడిపిన పెద్దాయన, ఇప్పుడు అక్కడే ఓ రేకుల గదిలో ఉంటున్నాడు. యార్డు మొత్తంలో ఇంకో నరమానవుడు లేడు.

అతన్ని తప్పుకోమన్న ఫొటోగ్రాఫర్‌కు కావలసిందీ అదే. మనుషులంటే ఆమెకు ముందునుంచీ పడదు.

ఆమె మొదటి ఫొటోల పుస్తకం చూసి పబ్లిషరు పెదవి విరిచాడు.

"తుప్పు, నీళ్లు, మళ్లీ తుప్పు. ఒకే ఫొటో యాభైసార్లు తీసినట్టుందమ్మా. ఈసారి ముప్పై చాలు. ఏ రెండు ఒకలా ఉన్నా పుస్తకం లేదు."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. అప్పటినుంచి తీసిన ప్రతిదాన్నీ నోటుబుక్కులో రాసుకుంటోంది. రాసినదాని జోలికి మళ్లీ పోదు. రోజుకొక్కటే ఫొటో.

చిత్రంగా, రోజూ ఏదో ఒకటి కొత్తగా దొరికేది. ఒకరోజు మెట్ల మీద ఎర్రటి పీపా. మర్నాడు బోర్లించిన పడవ. ఇంకోరోజు, ఎన్నడూ తెరవని గోదాము కిటికీ బార్లా తెరిచి ఉంది, లోపల ఒంటరిగా ఓ కుర్చీ.

"చూసే కన్నుండాలి తాతా," అంది ఓసారి గర్వంగా. "ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నారు, మీకివేం కనబడి ఉండవు."

"నిజమేనమ్మా," అంటూ పెద్దాయన ఆమె బ్యాగు అందించబోయాడు.

"ముట్టుకోకండి. చేతులనిండా తుప్పే."

అతను చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"రేపొస్తారా అమ్మా?" రోజూ అడిగేదే.

"కొత్తది దొరికినన్నాళ్లూ వస్తాను."

ఇరవైతొమ్మిది పూర్తయ్యాయి.

"ఇంకొక్కటే తాతా," అంది హుషారుగా.

పెద్దాయన ముఖం వాడిపోయింది. "ఆ ఒక్కటీ నన్ను తియ్యకూడదా?"

"నేను మనుషుల్ని తియ్యను."

మర్నాడు వచ్చేసరికి కొత్తది ఏమీ లేదు. ఎర్రపీపా, పడవ, కిటికీ, ఎక్కడివక్కడే. ఆ మర్నాడూ అంతే. నాలుగురోజులు కాళ్లరిగేలా తిరిగింది. ఫ్రేముకు ఎవరూ అడ్డురావడం లేదని మాత్రం గమనించలేదు.

చివరికి రోడ్డు మీది గేటు కాపలావాడి దగ్గర విసుక్కుంది.

"ఏమైంది ఈ యార్డుకి? అంతా ఉన్నది ఉన్నట్టే ఉంది."

కాపలావాడు వింతగా చూశాడు. "పెద్దాయన పోయాడు కదండీ. నిద్రలోనే. నాలుగురోజులైంది. ఇక అవన్నీ ఎవరు జరుపుతారు?"

"జరపడమేమిటి?"

"రోజూ మీరు రాకముందే ఏదో ఒకటి ఈడ్చుకొచ్చి పెట్టేవాడు కదండీ. ఆ పడవను తిప్పలేక ఆయాసపడుతుంటే నేనే ఓ చెయ్యి వేశాను."

నోటుబుక్కులోని ఇరవైతొమ్మిది వరుసలూ ఆమెకు వేరెవరో రాసినట్టు అనిపించాయి. సిగ్గుతో దాన్ని బ్యాగులోకి తోసేసింది.

"ఎందుకు?" అంది.

"నేనూ అడిగానండీ. 'కొత్తది లేకపోతే ఆ అమ్మాయి రాదు, పక్కకు తప్పుకోమనడానికైనా నాకో మనిషి ఉండాలిగా' అన్నాడు."