ఆకుపచ్చ నెత్తురు

వీడియోగేమ్‌లో మనిషిని కొడితే నెత్తురు చిమ్ముతోందని, అది చూస్తే పిల్లలు చెడిపోతారని వార్డు పెద్ద లక్ష్మీరాజం సిద్దిపేటలో పిల్లలు వచ్చి ఆడుకునే రాధాకిషన్ గేముల దుకాణానికి తాళం వేయించాడు.

రాధాకిషన్ హైదరాబాద్ వెళ్లి, రూల్స్ గట్టిగా ఉన్న ఏదో పరదేశం కోసం తయారైన అదే గేమ్ క్యాసెట్ తెచ్చాడు. అందులో నెత్తురు ఆకుపచ్చగా ఉంటుంది.

లక్ష్మీరాజం గంటసేపు ఆడి, పదిమందిని చంపి, తృప్తిపడ్డాడు. "గిట్లుండాలె. దసరాకు తెరువు."

ఆయుధపూజ నాడు దుకాణం గడప ముందు పొట్టేలును లక్ష్మీరాజమే ఒక్క వేటుకు నరికాడు. ఆ నెత్తుట్లో బొటనవేలు ముంచి టీవీకి బొట్టు పెట్టాడు.

రాధాకిషన్ గడప దగ్గర మూగిన పిల్లలను మెల్లగా వెనక్కి జరపబోయాడు.

"గట్ల ఎనుకకు నూకుతవేందిరా? ముందల నిలవెట్టు. పోరగాండ్లకు మంచిగ కనవడాలె!"