హార్డ్ డిస్క్ ఏరిన అల్లుడు

అత్తగారింటికి వెళ్లిన అల్లుడికి నాటుకోడి కూర పెడతారని లోకం కుళ్లుకుంటుంది కానీ, ఆ కూర తిని చెయ్యి కడుక్కునే లోపే ఇంట్లో పాడైన వస్తువులన్నీ తెచ్చి ముందు పెడతారని ఎవరూ చెప్పరు. హైదరాబాద్‌లో కంపెనీ ఉద్యోగం చేసే అల్లుడైతే మరీ కష్టం. పొద్దున్నుంచి మిథున్ టీవీ రిమోట్ చూశాడు, మామగారి ఫోన్ చూశాడు, చివరికి మిక్సీ కూడా చూశాడు. చూడటమంటే చూడటమే. అవి మాత్రం ఎట్లా ఉన్నవి అట్లాగే ఉన్నాయి.

"లే అల్లుడూ, షాపుకు పోదాం," అన్నాడు మామ రాజేందర్ చెప్పులు వేసుకుంటూ. "నీ మరదలు అక్షిత ఇంజనీరింగుల చేరింది గద, కంప్యూటర్ గావాలెనట. పక్క క్వార్టర్ జగన్మోహన్ సారు తయారైన కంప్యూటర్‌నే డబ్బల ఉన్నది ఉన్నట్టే ఎత్తుకొచ్చిండు. మనకేం కర్మ? ఇంట్ల సాఫ్ట్‌వేర్ అల్లున్ని పెట్టుకోని! ఒక్కొక్క సామాను నువ్వే ఏరాలె. మన క్వార్టర్ల లైనంతా చెప్పిన."

మిథున్ ఎదురుగా ఉన్న చెప్పుల్ని కావాలనే చాలాసేపు వెతికాడు. అతను పనిచేసేది సాఫ్ట్‌వేర్ కంపెనీలోనే. కాకపోతే అక్కడ అతని పని, ఏ ఉద్యోగిని ఏ క్యాబ్‌లో ఎక్కించాలో చూడటం. పెళ్లిచూపుల్లో కంపెనీ పేరు అడిగారు, చెప్పాడు. పనేమిటని ఎవరూ అడగలేదు.

భూపాలపల్లి బస్టాండ్ దగ్గర కంప్యూటర్ల షాపు. యజమాని అజయ్‌కి కూడా ముప్పై దాటినట్టు లేదు. మెడలో కొత్త గొలుసు, ముఖాన చెమట.

"మా అల్లుడు. హైదరాబాదుల సాఫ్ట్‌వేర్," అన్నాడు రాజేందర్ కుర్చీలో కూర్చోకముందే. "నీ దగ్గర మంచియి ఉంటే తియ్యి, లేకుంటే లేవని చెప్పు. మా అల్లుని ముంగట ఆటలు నడువయి."

"అయ్యో, సార్ ముంగట నేనెంత!" అన్నాడు అజయ్. ఆ మాట మిథున్‌కి ఎందుకో నచ్చలేదు.

అద్దాల బల్ల మీద రెండు డబ్బాలు వచ్చాయి. రాజేందర్ ఒక్కో చేతిలో ఒకటి పట్టుకుని, సంతలో సొరకాయలు చూసినట్టు తూచాడు.

"గీ హార్డ్ డిస్క్ ఇటుక పెడ్డ లెక్క మంచిగ బరువుంది. గీ ఎస్ఎస్‌డీ అనేది చూడు, అగ్గిపెట్టెంత లేదు, దీనికేమో ధర ఎక్కువ. ఏది తీస్కుందాం అల్లుడూ?"

మిథున్ గడ్డం నిమురుకున్నాడు. "వాడకాన్ని బట్టి ఉంటది మామయ్యా."

"కరెక్ట్ సార్! వాడకమే ముఖ్యం," అన్నాడు అజయ్ వెంటనే.

"ఇంట్లనే వాడుతది. సదువుకు."

"అయితే... సదువుకు పనికొచ్చేదే తీస్కోవాలె," అన్నాడు మిథున్. అని, బంతి అవతలికి తోశాడు. "అన్నా, నీ దగ్గర ఏది ఎక్కువ పోతది?"

"మీ అసోంటోళ్లు ఏదడిగితే అదే పోతది సార్."

బంతి తిరిగొచ్చింది.

"పోనీ, ర్యామ్ ఎంత ఎయ్యాలె?" రాజేందర్ వదిలే మనిషి కాదు.

"సరిపోయేంత."

"అబ్బ, మంచిగ చెప్పిండ్రు!" అజయ్ కళ్లు మెరిశాయి. "సరిపోయేంత ఉండాలె. తక్కువైతే కష్టం."

"ఎక్కువైతే?"

అజయ్ మిథున్ వైపు చూశాడు. మిథున్ అజయ్ వైపు చూశాడు.

"ఎక్కువైనా... అంత మంచిది కాదు," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"ఉప్పు అసోంటిదన్నట్టు," అని తల ఊపాడు రాజేందర్. విషయం తెలిసినవాళ్లు ఇద్దరూ ఒకే మాట చెప్పాక ఇంక అనుమానం దేనికి? అంతలో ఫోన్ మోగింది. "ఆఁ, జగన్మోహన్ సారూ! షాపులనే ఉన్నం. మావోడు ఒక్కొక్కటి ఏరుతుండు. ఓనరే బీరిపోయి నోరు తెర్సుకోని చూస్తుండు..." అంటూ, నలుగురికీ వినపడాలని రోడ్డు మీదికి నడిచాడు.

మిథున్ బల్ల మీదికి వంగి అజయ్ చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, నీకు దండం పెడత. నాకు వీటి గురించి ఒక్క ముక్క తెల్వదు. కంపెనీల నాది క్యాబ్‌ల పని. మా మామకు తెలిస్తే రేపు పొద్దుగాల్లకు లైనంతా తెలుస్తది, నా ఇజ్జత్ పోతది. హార్డ్ డిస్కో, ఎస్ఎస్‌డీయో, మదర్‌బోర్డో, మంచియి నువ్వే చూసి కట్టియ్యి. ఏరింది నేనే అని మాత్రం చెప్పు."

అజయ్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నిజంగ తెల్వదా సార్? పరాష్కం ఆడుతున్నరా?"

"పరాష్కం ఎందుకాడుత?"

"అయ్యో! మీరు చెప్తుంటే నేర్సుకుందామని జూస్తున్న గద!"

"నేర్సుకునుడేంది? షాపు నీదే గద అన్నా?"

అజయ్ గుమ్మం వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

"షాపు మా మామ పెట్టిచ్చిండు సార్. అల్లునికి కంప్యూటర్లంటే మస్తు ఎరుక అని."

బయట రాజేందర్ ఫోన్ జేబులో పెట్టి, మీసం దువ్వుకుంటూ మెట్లెక్కుతున్నాడు. ఇంటి కంప్యూటర్‌కి ఏ డిస్క్ మంచిదో, ర్యామ్ ఎంత వెయ్యాలో మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి కాస్త తొందరగా చెప్పండి. అల్లుళ్లు మాత్రం చెప్పకండి.