ముందు చక్రాల లాకులు

శామీర్‌పేట చెరువు పక్కన, ఏటా డేరా వేసుకునే చోటికి చేరకముందే జీపు బురదలో దిగబడింది.

"బాపూ, ముందు చక్రాల లాకులు తిప్పినవా?" అడిగింది అశ్రిత.

"ఏం లాకులు?"

ముప్పయ్యేళ్లుగా ఫోర్‌వీల్ జీపులే బాగుచేస్తున్న భాస్కర్ అన్నాడా మాట.

"అవి తిప్పితేనే గద నాలుగు చక్రాలు గుంజేది! నువ్వే నేర్పినవ్."

"నీకు యాదుందో లేదో అని సూసిన," నవ్వాడు భాస్కర్.

అశ్రితా నవ్వేసి, దిగి, లాకులు తిప్పివచ్చింది. జీపు గట్టెక్కింది. ఎండ కళ్లలో పడుతుంటే ఆమె అద్దం మీది షేడ్ దించింది. చీటీ ఒకటి ఒళ్లో పడింది. బాపు రాత.

"బురదల దిగబడితే ముందు చక్రాల లాకులు తిప్పాలె."

దాని కింద ఇంకో వరస.

"పక్కన కూసునేది అశ్రిత. నా బిడ్డ."