గుర్తులు పెట్టిన క్యామ్‌షాఫ్టులు

పెట్రోలు కారును ఇంట్లో ఉంచుకోవాలంటే అది నడవకుండా ఇంజన్లోంచి క్యామ్‌షాఫ్టులు తీయించి ప్రభుత్వానికి అప్పగించాలని చట్టం వచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో ఆ పనికి లైసెన్సున్నది మస్తాన్‌వలీ ఒక్కడికే. అధికారులు మారువేషంలో వచ్చి పరీక్షిస్తారని విన్నప్పటినుంచీ వచ్చిన ప్రతి మనిషినీ అనుమానంగానే చూసేవాడు.

ఆ ఉదయం హైమావతి అనే నర్సు తన పాత కారు తెచ్చింది. అతను పానా అందుకోగానే, "చైను విప్పేముందు గుర్తులు పెట్టండి భాయ్" అంది.

మస్తాన్‌వలీ చెయ్యి ఆగిపోయింది. "మళ్ళీ బిగించని ఇంజనుకి గుర్తులెందుకమ్మా? నిన్నెవరు పంపారు?"

"నన్నెవరు పంపుతారు? నా మాట మీరెక్కడ పైకి చేరవేస్తారోనని నేనే భయపడుతున్నాను." ఆమె గొంతు తగ్గించింది. "మొన్న గాలివానకి నెట్‌వర్క్ పోయి మా వీధిలో నెట్‌వర్క్ మీదే నడిచే కొత్త కార్లన్నీ ఉన్నచోటే నిలిచిపోయాయి. నొప్పులు పడుతున్న మనిషిని ఈ బండిలోనే ఎక్కించాను. బిడ్డ దార్లోనే పుట్టింది. కావాలంటే వెనకసీటు చూడండి."

మస్తాన్‌వలీ తలుపు తీసి చూశాడు. ఎంత కడిగినా పోని మరక సీటంతా పరుచుకుని ఉంది. తలుపు మెల్లగా మూశాడు.

తర్వాత తెల్లరంగుతో గుర్తులు పెట్టి, క్యామ్‌షాఫ్టులు జాగ్రత్తగా పైకి తీశాడు. తుక్కులోంచి అరిగిపోయిన జత ఒకటి ఏరి ప్రభుత్వం పెట్టెలో పడేసి సీలు వేశాడు. అసలువి నూనెగుడ్డలో చుట్టి ఆమె చేతికిచ్చాడు.

"మబ్బు పట్టగానే కబురు పంపు. నేనే వచ్చి బిగిస్తాను. ఇంకెవర్నీ నమ్మకమ్మా."